శేషమ్మ అరచెయ్యి

పుల్లలచెరువు మండలంలో అడవి వైపు ఊళ్లలో శేషమ్మ పేరెత్తితే ఇప్పటికీ ముందు ఆమె కుడిచేతి సంగతే చెబుతారు. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకొని ఆమె చేలో నడిచేది. కింద నీళ్లున్న చోట కాయ దానంతట అదే నిలువుగా లేస్తుందని జనం నమ్మకం. అక్కడే బోరు వేయించుకునేవాళ్లు. నీళ్లు పడని బోర్లూ ఉన్నాయి గానీ వాటి ఊసు ఎవరెత్తుతారు? పడినవాటిలో కొండమ్మ చేలోని బోరు ఒకటి. ఎంత ఎండాకాలమైనా అది ఆగింది లేదు. ఆ బోరు పక్కనే కొండమ్మ పసుపు రాసి గంగమ్మ రాయి నిలబెట్టింది. నీళ్లకు వచ్చినవాళ్లు ఆ రాయికి దండం పెట్టి బిందె నింపుకుంటారు.

భర్త పోయాక శేషమ్మ బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజు నుంచి కాయ పట్టలేదు, కొండమ్మ బోరు దగ్గరికీ పోలేదు. ఎందుకు మానేశావని అడిగితే, మనసు ఒప్పుకోలేదు అనేది. అంతకు మించి చెప్పడం ఆమెకు చేతకాలేదు. ఊరు కొన్నాళ్లు ఆడిపోసుకొని ఊరుకుంది.

మొన్నటి వేసవిలో ఆ సంగతి మళ్లీ బయటికొచ్చింది. తెచ్చింది ఊరు కాదు, చర్చే. చర్చి వాళ్ల వీధికి నీళ్ల ట్యాంకరు వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. అందుకని చర్చి ఆవరణలో బోరు వేయాలని సంఘం తీర్మానించింది. శేషమ్మ ఇంట్లో కోడలు వెన్నెల నిండు చూలాలు. బరువులెత్తొద్దని మార్కాపురం డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కొడుకు పనికి వలసపోయాడు, అత్తకేమో మోకాళ్ల నొప్పులు. ఇంకెవరు తెస్తారు? ఆ పిల్లే బిందె చంకనెత్తుకొని ట్యాంకరు ఆగే తారురోడ్డు దాకా నడిచేది.

ఒక సాయంత్రం పాస్టరు మోషే సంచిలో కొబ్బరికాయ పెట్టుకొని ఇంటికి వచ్చాడు. కాయ మీద సున్నంతో సిలువ గుర్తు వేసి ఉంది.

"అత్తా, ప్రార్థన చేసి యేసయ్య నామంలో పట్టుకో. కాయకేం పాపముంది? బైబిల్లో మోషే ప్రవక్త కర్రతో బండను కొడితే నీళ్లు రాలేదా?"

పాస్టరు మంచివాడే. ముసలివాళ్ల ఇళ్లకు తనే బిందెలు మోసిన మనిషి. చెడ్డవాడు అడిగితే ఛీ పొమ్మనొచ్చు, ఇట్లాంటి మనిషి అడిగితే ఏం చేస్తాం? శేషమ్మ కాదనలేకపోయింది, ఔననీ అనలేదు. ఆయన కాయ అక్కడే పెట్టి వెళ్లాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం వెన్నెల బిందె దించి గడప మీద కూలబడింది. రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. శేషమ్మ వచ్చి ఆమెను లేపింది. కోడల్ని లోపల పడుకోబెట్టి, కాయ తీసుకొని పెరట్లోకి పోయింది. ప్రార్థన చేసుకొని అరచేతిలో పెట్టుకుంది.

నాలుగడుగులు వేసిందో లేదో, కాయ కదిలింది. ఒళ్లు ఝల్లుమంది. ఆ పాత సంతోషమంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. 'నా చెయ్యి' అనుకుంది. అనుకున్న మరుక్షణం ఆ మాటకే భయపడింది. ప్రార్థన చేసింది కదా, మరి దేవుడేడీ? దేవుడు గుర్తు లేడు, లోపల పడుకున్న వెన్నెలా గుర్తు లేదు. ప్రాణమంతా కాయ మీదే ఉంది. ఇన్నేళ్లూ తన మనసు దేనికి ఒప్పుకోలేదో శేషమ్మకు అప్పుడు తెలిసింది. కాయను రాతి మీద కొట్టి, పచ్చడి నూరింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందే చెప్పింది. "మోషే ప్రవక్తకు దేవుడు చెప్పినాడు అయ్యగారూ. నాకు ఆయన చెప్పలేదు, మీరు చెప్పినారు. సిలువ గుర్తు వేసినా నా కన్ను కాయ మీదనే ఉంది. నేను పట్టుకోను."

పాస్టరు ముఖం చిన్నబోయింది, అయినా ఆమెను పల్లెత్తు మాట అనలేదు. యంత్రంతో నీళ్ల జాడ చూసే ఆయన్ని పిలిపించి, ఆయన చూపిన చోట బోరు వేయించారు. బోరు బండి రోజంతా మోగింది. తెల్లటి దుమ్ము తప్ప తడి రాలేదు. ఆ తర్వాత ట్యాంకరు దగ్గర సంఘం ఆడవాళ్లు శేషమ్మతో మాటలు మానేశారు. వెన్నెల మాత్రం ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని శేషమ్మ ఏడ్చింది.

ట్యాంకరు రాని ఒక ఉదయం, కోడలు చెయ్యి వేసేలోపే శేషమ్మ బిందె తీసుకుంది. కుంటుకుంటూ కొండమ్మ చేలోకి పోయింది. కొండమ్మ బోరు దగ్గరే ఉంది.

"కాయ పట్టుకోనంటివంట గదా?"

"పట్టుకోను అక్కా."

"మరి ఇవీ ఆ కాయ చూపించిన నీళ్లే గదే?"

"నీళ్లు దేవుడివి అక్కా. ఎవరు చూపించినారో నాకు తెల్వదు. తెల్వకనే ఇన్నేళ్లు ఇట్ల రాలేదు." శేషమ్మ పసుపు రాసిన రాయి వైపు చూసింది. "మీ గంగమ్మకు నేను దండం పెట్టలేను. ఆ మాట ముందే చెప్పి, నీళ్లు అడుగుదామని వచ్చినా. తాగేది నా కోడలు."

కొండమ్మ లేచింది. వెళ్లి మోటారు స్విచ్చి వేసింది.

"దండం పెట్టమని నిన్నెవరన్నా అడిగినారా? బిందె పెట్టు."