మొహమాటపడి ఇచ్చిన తాళం

2018 అక్టోబరు. టెక్సస్‌లో ఫ్రిస్కోకి ఉత్తరాన గంట దూరంలో ఒక చిన్న ఎయిర్‌ఫీల్డ్. అక్కడ నేను విమానాల మెకానిక్‌ని. ఫ్రిస్కోలో ఏ తెలుగువాళ్ల పార్టీకి వెళ్లినా "ఏ కంపెనీ, ఏ టెక్నాలజీ?" అంటారు. రెంచ్ పట్టుకునే పని అని చెబితే ఒక క్షణం జాలిగా చూసి పకోడీల ప్లేటు నా వైపు జరుపుతారు. అలా జాలిపడని మనిషి ఇందుమతి ఆంటీ ఒక్కరే.

ఆవిడ నాకు చుట్టం కాదు. డెబ్బై దాటిన మనిషి. పెళ్లయి ఈ దేశం వచ్చి, ముప్పై ఏళ్ల వయసులో విమానం నడపడం నేర్చుకున్నారు. ఆడదానికి కాక్‌పిట్ ఎందుకన్నవాళ్లు తెల్లవాళ్లలోనూ ఉన్నారట, మనవాళ్లలోనూ ఉన్నారట. తర్వాత పదహారేళ్లు పైప్‌లైన్ పెట్రోల్ చేశారు. అంటే చమురు గొట్టాల వెంట తక్కువ ఎత్తులో ఎగురుతూ, ఎక్కడైనా లీకవుతోందా అని చూస్తూ పోవడం. ఆ కంపెనీ ఆ పనికి తీసుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే. అప్పట్లో ఎయిర్‌ఫీల్డ్‌లో ఆడవాళ్లకి బాత్రూమ్ కూడా ఉండేది కాదని నవ్వుతూ చెప్పేవారు. రిటైరయ్యాక పాత నాలుగు సీట్ల విమానం ఒకటి కొనుక్కున్నారు. దాని బాగోగులు నేనే చూసేవాణ్ణి.

ఏడాదికోసారి ప్రతి విమానాన్నీ విప్పి పరీక్షించాలి. దాన్ని యాన్యువల్ అంటాం. ఆ ఏడు ఆవిడ విమానంలో ఈఎల్‌టీ బ్యాటరీకి గడువు అయిపోవచ్చింది. ఈఎల్‌టీ అంటే తోక దగ్గర ఉండే చిన్న పెట్టె. విమానం కూలితే ఎక్కడ, ఏ నిమిషాన అన్నది తనంతట తానే శాటిలైట్‌కి చెబుతుంది. పెట్టె ఊడదీసి బల్ల మీద పెట్టి, కొత్త బ్యాటరీకి ఆర్డర్ ఇచ్చాను. మంగళవారం వస్తుందన్నారు. బాగుచేయడానికి తీశామని లాగ్‌బుక్‌లో రాసి, పెట్టె లేదని పైలట్ ఎదురుగా చీటీ అంటిస్తే, తొంభై రోజుల దాకా అది లేకుండా ఎగరొచ్చు. అది రూలు. రాశాను, అంటించాను.

శుక్రవారం పొద్దున ఆంటీ వచ్చారు. ఆవిడకి విమానం నేర్పిన గురువు న్యూ మెక్సికోలో ఆస్పత్రిలో ఉన్నాడట.

"రేపు పొద్దున్నే బయల్దేరతాను. తాళం ఇచ్చెయ్."

"మంగళవారం దాకా ఆగండి ఆంటీ. కొండలు దాటాలి, ఈఎల్‌టీ లేదు."

"ఆయన మంగళవారం దాకా ఆగుతాడో లేదో! రూల్ ఒప్పుకుంటుందా, లేదా?"

"ఒప్పుకుంటుంది గానీ..."

"మరింకేంటి నీ బాధ?"

మా షాపులో చేతిలో పట్టే బీకన్ ఒకటి ఉంటుంది. బటన్ నొక్కితే అదీ శాటిలైట్‌కి కబురు పంపుతుంది. కొండల మీదుగా వెళ్లే కస్టమర్లకి ఊరికే ఇచ్చి పంపుతాం. వద్దన్నవాళ్లని నేను వదిలేవాణ్ణి కాదు. "సర్, ఇది జేబులో పెట్టుకోండి, లేదా ఇక్కడే కూర్చుని మా చెత్త కాఫీ తాగండి" అనేవాణ్ణి. లాయర్లతో అన్నాను, సర్జన్లతో అన్నాను. ఆంటీ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగిచ్చేశారు.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఎగురుతున్నానురా. నాకెందుకు ఈ బొమ్మలు?"

బీకన్‌ని మళ్లీ అరలో పెట్టేశాను. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని చిన్నప్పుడు మొట్టికాయలతో నేర్చుకున్నది, లైసెన్సు కోసం చదివినదాని కన్నా లోతుగా దిగిపోయింది. మొహమాటం మీద మనవాళ్లకి ఒక మోటు సామెత ఉంది, ఇక్కడ రాయను. తాళం ఇచ్చేశాను. జాగ్రత్త ఆంటీ అన్నాను.

శనివారం ఏడుంబావుకి టేకాఫ్ అయ్యారు. రాడార్‌లో కొండల దాకా కనిపించారు, ఆ తర్వాత లేరు. వాలంటీర్ పైలట్లు పన్నెండు రోజులు వెతికినా విమానం జాడ దొరకలేదు. అందులో మూడు రోజులు నేనూ వెనక సీట్లో కూర్చుని కిటికీకి ముక్కు ఆనించి చూశాను. పైన్ చెట్లు, రాళ్లు, వాటి మీద అప్పుడే పడిన తొలి మంచు. ఆవిడ విమానం రంగు తెలుపు. బ్యాటరీ చెప్పినట్టు మంగళవారమే వచ్చింది, చేతులు కాలాక ఆకుల్లాగా. దర్యాప్తుకి వచ్చినవాళ్లు లాగ్‌బుక్ చూసి, నా తప్పేమీ లేదని రాసుకుపోయారు.

ఏడాది ఎదురుచూశాక ఇంట్లోవాళ్లు కర్మకాండకి ఒప్పుకున్నారు. అప్పుడు ఆవిడ కూతురు స్వాతి మా విమానాల షెడ్డుకి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు ఆగి ఆగి మాట్లాడుతుంది.

"పంతులు గారు తిథి అడుగుతున్నారు. అమ్మ ఏ రోజు పోయింది అని. లాస్ట్ చూసింది మీరు కదా, మీకు తెలుసా?"

"టేకాఫ్ టైమ్ ఒక్కటే తెలుసమ్మా."

"ఆ బాక్స్ ఉంటే తెలిసేదా?"

"తెలిసేది. నిమిషంతో సహా."

స్వాతి ఇంకా అడిగింది. "వెంటనే పోయిందా? లేకపోతే టూ డేస్, త్రీ డేస్ అక్కడ వెయిట్ చేసిందా, మా కోసం?"

బీకన్ సంగతి దాచుకోలేక చెప్పేశాను, ఇస్తే వద్దన్నారని.

"మీరు మళ్లీ అడగలేదా?"

"లేదమ్మా. పెద్దావిడ కదా అని ఊరుకున్నాను."

"అమ్మకి ఎవరూ నో చెప్పరు. నేను కూడా చెప్పలేదు" అని కళ్లు తుడుచుకుంది. తను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. చివరికి బయల్దేరిన రోజునే తిథిగా పెట్టుకున్నారు. ఆ రోజు ఆవిడ బతికే ఉన్నారేమో, ఎవరికీ తెలియదు.

బీకన్ ఉంటే ఆంటీ దక్కేవారని నేను చెప్పలేను. బటన్ నొక్కే వ్యవధి దొరక్కపోవచ్చు. నేను నేర్చుకున్నది ఒకటే: నేను గౌరవం అనుకున్నది నా పిరికితనం. రూలు ఒప్పుకున్నా మెకానిక్ ఒప్పుకోని సందర్భాలుంటాయి, వాటిని నోరు తెరిచి చెప్పడమే మా ఉద్యోగం.

పోయిన నెల డెబ్బై ఏళ్ల తెలుగు అంకుల్ ఒకాయన బీకన్ తీసుకోనని మొండికేశారు. "నీ వయసెంత, నా అనుభవమెంత?" అని గదమాయించారు. తాళం జేబులో వేసుకుని నిలబడ్డాను. ఆయన తిట్టుకుంటూ కారెక్కి ఇంటికి వెళ్లిపోయారు. నాకు పొగరని నలుగురిలో చెబుతున్నారట. చెప్పనీ. ఆ తిట్లు ఆ శుక్రవారం ఇందుమతి ఆంటీ చేత తిని ఉండాల్సింది.