గీత దాటని గోల్‌కీపర్

మా లోయ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఆడే ప్రతి ఆట గురించీ డైరీలో రాసుకుంటానని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. బస్సులో ఒకామె మాత్రం కనిపెట్టేసింది.

అరకు నుంచి పాడేరు వెళ్లే బస్సు అది. అల్లం బుట్ట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్న ఆమె, "ఏటి రాత్తన్నావు గుంటా?" అంది. మన అమ్మాయిల ఫుట్‌బాల్ గురించి అన్నాను.

"అయితే సదువు. అందులో గోల్‌కీపరు మా గుంటే."

గోల్‌కీపర్ ఈమె కూతురా! అయినా వేలు పెట్టి మెల్లగా చదివాను. ఈ సీజన్‌లో మూడు ఆటలయ్యాయి. ఒకటి గెలిచాం, ఒకటి ఓడాం, ఒకటి సమం. పరుగులో మనవాళ్లకి సాటి లేరు, పాసులు కూడా కుదురుతున్నాయి. అక్కడ ఆపేశాను.

"నీ ఏలు ఇంకో రెండు వరసలు దిగింది. నోరు దిగలేదు," అందామె.

ఇక తప్పక చదివాను. "గోల్‌కీపర్ గీత దాటి ముందుకు రాదు. ఇలాగైతే వేరొకరిని నిలబెట్టాలి."

ఆమె బుట్ట ఊగేలా నవ్వింది. "ఇంటికాడా అంతే. కోళ్లు వడ్లు తినేత్తన్నా గుమ్మంలో నిలబడి ఉష్ అంటాది గానీ కిందికి దిగదు. మరి ముందుకి రమ్మని నువ్వు అరవలేదేటి?"

నాకు అరవడం రాదన్నాను.

తన ఊరి దగ్గర బస్సు దిగి, ఆమె నా కిటికీ కిందికి వచ్చింది.

"ఆదివారం ఆటకి బేగి వచ్చీ. గోలుకి ఆ పక్క నువ్వు, ఈ పక్క నేను. ఇద్దరం అరిస్తే అదే బయటికొత్తాది."