సమ్మెట నడుము

అతన్ని అందరూ సమ్మెట అనే పిలిచేవారు. పాత మేడలు కూలగొట్టడం అతని పని. మూడు దెబ్బల్లో ఇటుక గోడకు కంత పెట్టేవాడు. ఆ చేతులే ఇంటికొచ్చాక పెళ్ళాం మీద పడేవి. ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉడకబెట్టేది. కూరలో ఉప్పెక్కువైతే దెబ్బ, తక్కువైతే దెబ్బ. అన్నీ సరిగ్గా ఉన్న రోజున ఆ పొగరెందుకని దెబ్బ. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమెకు రెండు పళ్ళు ఊడాయి, ఎడమ చెవి సగం వినిపించడం మానేసింది.

ఒక సాయంత్రం బెల్టు పట్టుకుని వీధిలో వెంటపడ్డాడు. ఆమె పరుగెత్తింది. పిండిమర దగ్గరికొచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే, అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగిపోయి ఉన్నాడు. అలాగే పిండిమర మెట్టు మీద చతికిలబడ్డాడు. పిరుదుల నుంచి పిక్కల దాకా నిప్పులు పోసినట్టుందని, పాదాలు తనవి కానట్టున్నాయని రొప్పుతూనే బూతులు తిట్టాడు. పది నిమిషాలకు లేచి మామూలుగా ఇంటికి నడిచాడు. ఆమె తిరిగి రాగానే తలుపు గడియ పెట్టి, వీధిలో తప్పిపోయిన దెబ్బలన్నీ లోపల కొట్టాడు.

అయినా ఆమెకు ఒక సంగతి తెలిసింది. వాకిలి నుంచి పిండిమర దాకా నూట ఇరవై అడుగులు. అంతకు మించి అతను తరమలేడు. అతని కళ్ళు ఎర్రబడితే చాలు, పద్నాలుగేళ్ళ కూతురి రెక్క పట్టుకుని పిండిమర అవతలికి పోయేది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ నూట ఇరవై కాస్తా అరవై అయింది.

ఆ ఏడాదే ఒక పాత గిడ్డంగి గోడ కూలుస్తుంటే, అది అనుకున్న వైపు కాక ఇటు వాలింది. అందరూ పరుగెత్తారు. సమ్మెట కాళ్ళు కదల్లేదు. మేస్త్రీ వెనక్కొచ్చి అతన్ని పక్కకి లాగేశాడు. మేస్త్రీ చెయ్యి ఇటుకల కింద నలిగి మూడు వేళ్ళు పోయాయి. మర్నాటి నుంచి సమ్మెటను పనిలోకి రావద్దన్నారు. ఇంట్లో కూర్చున్నవాడికి కొట్టడానికి గోడల్లేవు. ఆ వారమే ఆమె మణికట్టు విరిగింది.

స్కానింగు చూసి ఆపరేషన్ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "నడుము ఎముకల లోపల నరాలు పోయే దారి ఒకటుంటుంది. మీకది రెండు చోట్ల ఇరుకైపోయింది. నిలబడినా నడిచినా నరాలు నలుగుతాయి. వంగితే, కూర్చుంటే కాస్త చోటు దొరుకుతుంది. మాత్రలు, ఇంజెక్షన్లు అన్నీ అయ్యాయి. ఇక ఆపరేషనే."

"కోసి ఏం చేస్తారు?"

"ఆ దారి మీద కప్పులా ఉన్న ఎముకను తీసేస్తాం. ఇరుకు తక్కువుంటే చిన్న కన్నంలోంచే చెక్కేయొచ్చు. ఎముకల మధ్య చిన్న ముక్క దూర్చి ఎడం చేసే పద్ధతి కూడా ఉంది. మీకవి చాలవు. పైగా ఒక ఎముక ముందుకు జారింది. కప్పు మాత్రం తీసి వదిలేస్తే ఇంకా జారొచ్చు. మేకులు, కడ్డీలు వేసి ఎముకలు అతుక్కునేలా చేస్తే మంచిదని నా ఉద్దేశం. కోలుకోవడానికి నెలలు పడుతుంది."

"తర్వాత సమ్మెట ఎత్తొచ్చా?"

"వద్దు. నడక మాత్రం చాలావరకు వస్తుంది. తప్పకుండా వస్తుందని ఎవరూ మాటివ్వలేరు."

అతను బల్ల మీది గాజు గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. డాక్టరమ్మ ఆ పెంకుల వైపు చూడలేదు. అతన్ని బయటికి పంపించి, వెంట వచ్చిన పెళ్ళాం చేతికట్టు చూపిస్తూ అడిగింది. "ఇదెలా అయింది?"

"ఆయనే. కాళ్ళొస్తే ఇంకా దూరం తరుముతాడమ్మా."

డాక్టరమ్మ కలం తీసింది. "నరాల సంగతి నేను చూస్తాను. ఇంటి సంగతికి నా దగ్గర మందు లేదు. ఈ దెబ్బ గురించి కాగితం రాసిస్తాను, స్టేషన్లో పనికొస్తుంది."

అతను ఎలాగో ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. ఇంటివాళ్ళ సంతకమూ కావాలన్నారు. "పెట్టకు వదినా, పడుంటాడు" అన్నారు లాండ్రీలో ఆడవాళ్ళు. రెండు రోజులు ఆ సంతకం కాగితం ఆమె జాకెట్లోనే నలిగింది.

ఆపరేషన్ రోజు పొద్దున మంచం పక్కన నిలబడి చెప్పింది. "సంతకం పెట్టా. నువ్వు లేచేసరికి నేనూ పిల్లా ఆ ఇంట్లో ఉండం. కాళ్ళు చచ్చుబడ్డవాణ్ణి వదిలేసిందని అనిపించుకోను. నడిచేవాణ్ణే వదిలేస్తా."

సెలైన్ సూది ఉన్న చేత్తోనే జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని మంచం ఇనప కమ్మీకేసి కొట్టాడు. సూది ఊడింది. అతని రక్తం, ఆమె రక్తం ఒకే దుప్పటి మీద పడ్డాయి. ఇద్దరు వార్డుబాయిలు విడదీశారు. ఆమె పెదవి తుడుచుకుని బయటికి నడిచింది. ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది, బాగానే జరిగింది.

నాలుగు నెలలకు, ఒక మధ్యాహ్నం అతను లాండ్రీ వెనక ఆమె అద్దెకున్న గది తలుపు తన్నాడు. రెండో తన్నుకు గడియ ఊడింది. మొహం వెలిగిపోతోంది. "చూశావా, ఊరంతా నడిచొచ్చా. ఎక్కడా కూర్చోలేదు" అన్నాడు. ఆ మాట అయ్యీ అవకముందే ఆమె గొంతు పట్టుకున్నాడు.

కూతురు కేక విని ఆడవాళ్ళు ఉడుకు దుప్పట్లు తోడే కర్రలతో పరుగెత్తుకొచ్చారు. భుజాల మీద, చేతుల మీద ఎడాపెడా బాదారు.

"వీపు మీద కొట్టొద్దు," అంది ఆమె గొంతు పెగల్చుకుని. "అక్కడ మేకులున్నాయి."

ఒక కర్ర తీసుకుని తనే అతని ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. కర్ర జారిపోయింది. గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

డాక్టరమ్మ రాసిన కాగితంతో కేసు నిలబడింది. అతనికి జైలు పడింది. పోలీసులు పట్టుకెళుతుంటే జీపు దాకా తన కాళ్ళతో తనే నడిచాడు. సంతకం పెట్టినందుకు బాధపడుతున్నావా అని ఆ తర్వాత ఎవరో అడిగారు.

"అది అతని నడుముకి పెట్టిన సంతకం," అంది. "నా మొహానికి కాదు."