ఆల్ప్స్ మిగిలిపోయినయ్

మా దోస్తానా మొదలైంది గరిడేపల్లిలో, ఒక చాయ్ హోటల్ రేకుల కింద. జూలై నెల, సాయంత్రం వాన దంచుతున్నది. నేను సూర్యాపేట నుంచి సైకిల్ మీద పోయి, తడిసి ముద్దయి అక్కడ ఆగిన. నా కంటే ముందే ఒకాయన గేర్ల సైకిల్‌ను గోడకు ఆనించి, ఫోన్ పట్టుకొని బల్ల మీద కూసున్నడు. వాన చప్పుడుకు వినపడక ఫోన్‌ను చెవికి పెట్టుకుంటున్నడు, మళ్లీ కండ్ల ముందుకు తెచ్చుకుంటున్నడు. తొంగి చూస్తే ఫ్రాన్స్‌లో మూడు వారాలు జరిగే ఆ పెద్ద సైకిల్ రేసు.

సూర్యాపేటలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఏండ్ల నుంచి ఆ రేసును ఒక్కణ్నే చూస్తున్న. క్రికెట్ గురించి మాట్లాడనీకి బజారు నిండ మనుషులు దొరుకుతరు గాని, దీని గురించి ఒక్కరు దొరకలే. ఆశ ఆపుకోలేక అడిగిన.

"ముందు పోయినోళ్లను అందుకున్నరా అన్నా?"

ఆయన నన్ను కింది నుంచి పైదాక చూసి, "అందుకోలేరు తమ్మీ. సూడు, ఇయ్యాల వాళ్లే గెలుస్తరు" అన్నడు.

కాసేపటికే అందుకున్నరు. ఆయనకు గింత కూడా సిగ్గు కాలే. "గాలి మారింది" అన్నడు. తర్వాత నాకు తెలిసింది, ఆయన ఎవరి మీద ఆశ పెట్టుకుంటే వాళ్లు ఓడిపోతరని.

ఆయనది మిర్యాలగూడ. రైస్ మిల్లులో మిషన్లు చూసుకునే పని. మీసాలు రాకముందు మిల్లులో అడుగు పెట్టినోడు, ఆ మిల్లు, ఈ మిల్లు మారుకుంట అందులోనే ఉన్నడు. మూడో మనిషి కోదాడ మేడం. బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచర్. ఒక ఆదివారం అదే హోటల్ ముందు మేమిద్దరం ఆ ఏటి రేసులో ముందున్నోని గురించి గట్టిగా వాదించుకుంటుంటే, ఆమె తన సైకిల్ దిగి, "మీరు చెప్పేది తప్పండీ. ఒక్కొక్కళ్లు విడివిడిగా తొక్కే రోజు అతను అంత టైమ్ పోగొట్టుకోడు" అని మధ్యలోకి వచ్చింది. పేరు చెప్పేకంటే ముందు ఆమె మాకు చెప్పిన మాట అది.

అప్పటి సంది ఆదివారాలు ముగ్గురం గరిడేపల్లిలో కలిసి, కాలువ వెంబడి పాలకీడు దిక్కు తొక్కేటోళ్లం. ఎదురుగాలి ఉంటే అన్న ముందుండేటోడు. మేము ఆయన వెనక గాలి తగలకుండ పోయేటోళ్లం. "మేం కూడా ముందుకొస్తాం అన్నగారూ" అని మేడం అంటే వినకపోయేటోడు.

నిజం చెప్పాలంటే మాకు రేసు కంటే రూటు ముచ్చటే ఎక్కువ ఇష్టం. రేసు జూలైలో. రూటు మాత్రం ముందటేడు అక్టోబరులోనే చెప్తరు. ఏ రోజు స్టేజీ ఏ ఊరు నుంచి ఏ ఊరికి, ఏ రోజు సాపు నేల, ఏ రోజు గుట్టలు, అన్నీ. ఫోన్‌లో ఆ మ్యాప్ పెట్టుకొని నెలల తరబడి కొట్లాడుకునేటోళ్లం. మేడంకు గుట్టలు కావాలె. పిరనీస్, ఆల్ప్స్ లేని రోజు ఆమెకు రేసే కాదు. అన్నకు సాపు నేల కావాలె.

"గుట్టెక్కేటోడు అందరికీ కనపడతడు మేడం. సాపు నేల మీద గాలికి ఎదురు పోయి, తన టీమోన్ని వెనక దాసిపెట్టి తీస్కపోయేటోన్ని ఎవరు సూస్తరు? వానికి కప్పు ఇయ్యరు, ఫొటో తియ్యరు."

"ఫొటో నేను తీస్త అన్నా" అనేటోన్ని.

రెండేండ్ల కింద ఎండకాలంలో మొదటిసారి అన్న వెనకబడ్డడు. నిద్ర సరిపోలేదన్నడు. ఆ తర్వాత దగ్గు. మిల్లు దుమ్ము మామూలే అన్నడు. ఒక ఆదివారం పాలకీడు దాకా పోయి వెనక్కి చూస్తే ఆయన లేడు. మేము తిరిగి వచ్చేసరికి కాలువ కట్ట మీద కూసొని ఉన్నడు. సైకిల్ పక్కన పడి ఉంది. పెదవులు నీలంగా ఉన్నయ్. మాట్లాడబోతే మాట రాలే. చెయ్యెత్తి, ఆగమన్నట్టు ఊపిండు. మేడం ఆయన వీపు నిమురుకుంట కూసున్నది. నేను రోడ్డు మీదికి ఉరికి ఒక ట్రాలీ ఆటోను ఆపిన.

హైదరాబాద్ దవాఖానలో చెప్పిన్రు, ఊపిరితిత్తులు గట్టిపడుతున్నయ్, మందులతో జర నెమ్మదిస్తది గాని వెనక్కి రాదు అని. సైకిల్ బంద్. మిల్లు బంద్. ఇంట్లో మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ వచ్చింది.

ఆ ఏడు అక్టోబరులో రూటు చెప్పే రోజు, నేను స్టూడియో మూసి, మేడం సెలవు పెట్టి, ఇద్దరం మిర్యాలగూడ పోయినం. వదిన మాకు కుర్చీలేసింది. ఆమెకు ఈ సైకిళ్ల గోల ఎన్నడూ నచ్చలే. ఆ రోజు మాత్రం టీవీకి ఫోన్ కలపమని ఆమెనే అన్నది. మ్యాప్ వచ్చింది. మొదటి వారం సముద్రం పక్క నుంచి సాపు నేల, తర్వాత పిరనీస్, ఆఖరు వారం మొత్తం ఆల్ప్స్. మేడం చప్పట్లు కొట్టింది.

"చూడండి అన్నగారూ, ఆల్ప్స్‌లో తేలిపోతుంది. జూలైలో మీరే ఒప్పుకుంటారు నా మాట."

అన్న నవ్విండు. జర సేపటికి, ఊపిరి కూడదీసుకొని అన్నడు.

"జూలై నేను సూడను మేడం."

"అట్లా అనకండి."

"డాక్టర్ నాకు సక్కగ చెప్పిండు. నేను కూడ సక్కగనే విన్న. అందుకే, మనం ఇప్పుడే తొక్కుదాం. ఒక్కొక్క స్టేజీ. మీరు వారం వారం రాండ్రి."

వదిన వంటింటి గడపలో నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

అట్ల ఆ రేసు మిర్యాలగూడలో అక్టోబరులోనే మొదలైంది. ప్రతి ఆదివారం ఒకటో రెండో స్టేజీలు. నేను ఆ ఊర్ల బొమ్మలు ఫోన్‌లో వెతికి చూపెట్టేది. గాలి ఎటు నుంచి కొడతదో, ఎవరు ఎక్కడ ముందుకు ఉరుకుతరో, ఎవరు పడతరో మేడం చెప్పేది. అన్న కాదనేటోడు. సముద్రం పక్క స్టేజీలో గాలి సైకిళ్ల గుంపును రెండు ముక్కలు చేస్తదని ఒక పూటంతా కొట్లాడిండు. దగ్గు వచ్చి ఆగుడు, నీళ్లు తాగుడు, మళ్లీ కొట్లాట. ఆ పూట ఆయన ముఖం మీద రంగు వచ్చింది. బయటికి వచ్చినంక మేడం, "బాగున్నారు కదండీ ఇవాళ?" అని నన్ను రెండుసార్లు అడిగింది. బాగున్నడని చెప్పిన. ఇద్దరికీ తెలుసు.

చలి ముదిరినంక ఆయన మాట తగ్గింది. పిరనీస్‌కు వచ్చేసరికి మేమే మాట్లాడేది, ఆయన వినేది. ఒప్పుకుంటే కండ్లు మూసేటోడు, ఒప్పుకోకపోతే వేలు ఆడించేటోడు. వదిన మంచం చివర కూసొని ఆయన కాళ్లు పట్టుకుంట, "కాదంటున్నడు" అని మాకు చెప్పేది. ఆఖరి ఆదివారం పిరనీస్ దిగినం. రేసులో ఆ మర్నాడు అందరికీ సెలవు రోజు. "వచ్చే వారం ఆల్ప్స్ అన్నా" అన్న నేను. ఆయన నా చెయ్యి పట్టుకొని చాన సేపు ఇడవలే. సన్నగా అన్నడు:

"దూరమొస్తున్రు తమ్మీ మీరు. బస్సుల తిప్పలు."

ఆ వారం మధ్యలో వదిన ఫోన్ చేసింది. ఆయన పేరు కూడా చెప్పలే. "అయిపోయింది" అన్నది, అంతే.

మేడం బడి నుంచి అట్లనే వచ్చింది, మెడలో విజిల్‌తోటి. ఎవరో చెప్తే చూసుకొని తీసి సంచిలో వేసుకున్నది. మిల్లు హమాలీలు పాడె మోసిన్రు. దారి పొడుగున ధాన్యం లారీలు ఆగి ఉన్నయ్. ఒక లారీ డ్రైవర్ కిందికి దిగి దండం పెట్టిండు, ఆయనెవరో మాకు తెల్వదు. మేడం చివరిదాక వచ్చి, దూరంగా నిలబడి, తల వంచుకొని ప్రార్థన చేసుకున్నది.

జూలై వచ్చింది. మొదటి వారం స్టూడియోలో ఫోన్ పెట్టుకొని చూడబోతే చూడబుద్ధి కాలే. మేడంకు ఫోన్ చేసిన. ఆమె కూడా చూస్తలేదట.

"ఆ ఊళ్లన్నీ మనం తిరిగేశాం కదండీ. మళ్లీ వేరేవాళ్లు తొక్కుతుంటే ఏం చూస్తాం?"

ఫోన్ పెట్టేముందు ఆమెనే అన్నది, "ఆల్ప్స్ మాత్రం మిగిలిపోయాయి."

ఆల్ప్స్‌లో మొదటి స్టేజీ అయినంక వచ్చిన ఆదివారం పొద్దున, ఆ స్టేజీ రికార్డయింది ఫోన్‌లో పట్టుకొని మిర్యాలగూడ పోయినం. వదిన చిక్కింది. మేం ఎందుకు వచ్చినమో అడగలే. టీవీ మీది గుడ్డ తీసి, మాతోటే కింద చాప మీద కూసున్నది. ఆక్సిజన్ మిషన్ వాపసు పోయింది. అది ఉండే చోట ఇప్పుడు బియ్యం బస్తా ఉంది.

టీవీలో చెట్లు అయిపోయినయ్, వట్టి రాళ్ల గుట్ట వచ్చింది. ఒక్కొక్కరు గుంపు నుంచి జారిపోతున్నరు. నోర్లు తెరుచుకొని, భుజాలు ఊపుకుంట ఎక్కుతున్నరు. మేడం వాళ్లెవరో, ఏ టీమో వదినకు చెప్పబోయి ఆపేసింది. వదిన కదలకుండ చూస్తున్నది. చాన సేపటికి అడిగింది.

"అంత ఎత్తు మీద గాలి తక్కువ ఉంటదట గదా. ఊపిరి ఎట్ల ఆడుతది వీళ్లకు?"

మేడం వదిన చెయ్యి పట్టుకున్నది.

గెలిచినోడు గీత దాటినంక నేను బంద్ చేయబోయిన. వదిన వద్దన్నది. వెనకబడ్డోళ్లు ఇంకా వస్తనే ఉన్నరు, వాళ్లందరూ వచ్చేదాక చూసింది. ఆఖరు మనిషి కూడా వచ్చినంక లేచి, మాకు అన్నం పెట్టింది. పప్పు, దొండకాయ వేపుడు. ముగ్గురం చాప మీదనే తిన్నం.

బస్టాండ్ దాకా నేను, మేడం నడిచినం. ఆమె కోదాడ బస్సు ఎక్కి, కిటికీలో నుంచి, "వచ్చే ఆదివారం గరిడేపల్లి వస్తారా?" అని అడిగింది. వస్తనని చెప్పిన. వాన పడ్డదని నేను పోలే. తర్వాత వారం ఆమెకు బడి పిల్లల ఆటల పోటీలు. ఆ తర్వాత ఇద్దరం ఒకర్నొకరం అడుగుడు మానేసినం. కోపమేం లేదు. ఫోన్ చేస్తే బాగానే మాట్లాడుకుంటం, పిల్లలు, చదువులు, ఎండలు. రేసు మాట మాత్రం ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను.