పిస్తోలుకి సరిపోయే గుడ్డ

నా మొహం చూసి జాలిపడటం తర్వాత, ముందు టీ చెప్పండి. నిన్న కోడంబాక్కం స్టూడియోలో నా పరువంతా రూపాయి బిళ్ళంత గుడ్డముక్కతో పోయింది!

మా పిక్చర్‌లో విలన్‌ది మూతిలోంచి గుండు కూరే పాతకాలం పిస్తోలు. క్లోజప్‌లో వాడు గుండుని గుడ్డలో చుట్టి, కడ్డీతో లోపలికి నెట్టి, కింద పడున్న హీరోకి గురిపెట్టాలి. మందూ గిందూ లేదు, ఉత్త గుండే. "ఈ షాట్ నువ్వు చూసుకో. బాగా వస్తే ప్రాపర్టీ ఇన్‌ఛార్జి నువ్వే" అన్నాడు మేనేజర్. ఎన్నాళ్ళుగానో సెట్లో కుర్చీలు మోస్తున్న నాకు ఆ మాట చాలదూ!

తంటా అంతా గుడ్డ మందంతోనే. పల్చనిదైతే పిస్తోలు కిందికి వంచగానే గుండు జారిపోతుంది. మందమైతే అసలు లోపలికే పోదు. ఇంట్లో కూర్చుని మల్లుగుడ్డ, దుప్పటి, ఆఖరికి దిండుగలీబు కూడా కత్తిరించాను.

"ఇంక నా వొంటిమీద చీరొకటే మిగిలుండాది. దాన్నీ కత్తిరిస్తావా?" అంది మా ఆవిడ.

చివరికి గంజిపెట్టి ఇస్త్రీ చేసిన నా పంచె దొరికింది. అట్టలా నిలబడే గుడ్డ! గుండు నున్నగా దిగింది, పిస్తోలు తలకిందులు చేసి ఊపినా కదల్లేదు. ఆనందం పట్టలేక పంచెంతా ముక్కలు చేసేశాను.

సెట్లో అంతా రెడీ. కెమెరామాన్ తల పైకెత్తి, "ఏమప్పా, తెల్లగుడ్డ లైటుకి కొడతా ఉంది. డల్ చెయ్యి" అన్నాడు. తెల్లబట్ట కనిపిస్తే టీ డికాషన్‌లో ముంచడం మాకు అలవాటేగా! ఉన్న ముక్కలన్నీ ముంచాను, పిండాను, లైటు ముందు ఆరబెట్టాను. రంగు భలే కుదిరింది. గంజి కాస్తా గ్లాసులోనే ఉండిపోయిందన్న ఆలోచన రావొద్దూ ఈ పాడు బుర్రకి?

"యాక్షన్!"

విలన్ గుండు కూరాడు, పిస్తోలు వంచాడు. "ఇదే నీ ఆఖరి ఘడియ!" అని గర్జించాడు. గుండు టప్పున జారి హీరో పొట్టమీద పడింది. హీరో కిసుక్కుమన్నాడు. ఇంక యూనిట్ యూనిటంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

డైరెక్టర్ నవ్వలేదు. "హీరోకి ఇంకో షూటింగుండాది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పోతాడు. ఏం చేస్తావో చెయ్యి!"

కంగారులో అదే గుడ్డని రెండు మడతలు పెట్టిచ్చాను. విలన్ బలమంతా పెట్టి నెట్టాడు. సగం దారిలో గుండు ఇరుక్కుంది, గుడ్డ చుట్టుకుని కడ్డీ కూడా బిగుసుకుంది. పిస్తోలు విలన్ పట్టుకున్నాడు, కడ్డీ నేను పట్టుకున్నాను. చావాల్సిన హీరో లేచొచ్చి నా నడుం పట్టుకు లాగాడు! ఊహూఁ, రాలేదు.

"పిస్తోలూ వద్దు, పాడూ వద్దు. గొంతు పిసికెయ్!" అని అరిచాడు డైరెక్టర్ విలన్‌తో. మేనేజర్ నా వైపు తిరిగి, "నువ్వు పొయ్యి ఆ గోడకాడ నిలబడు. దేన్నీ ముట్టుకోబాక" అన్నాడు.

ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. షాట్ ఫస్ట్ టేకులోనే ఓకే! ఈ పిక్చర్ మొత్తానికి నేను చేసిన మంచి పని అదొక్కటే.