సింహాసనం పక్కన హార్మోనియం

మంగళవారం తెల్లవారుజామున ఇక్కడ కువైట్‌లో తెలుగు నాటక సమాజం మాస్టారు గుండెపోటుతో కన్నుమూశారు. ఆయనది కోనసీమ. దజీజ్‌లో గోదాము కార్మికుల మెస్‌లో వంట చేసేవారు. శుక్రవారం వస్తే పద్యనాటక నటుడు. పోయిన శీతాకాలంలో ఆయన వేసిన గుడ్డి వైణికుడి పాత్రను హాలు నిండా జనం చూశారు. అప్పటికి ఆయనకు నిజంగానే చూపు దాదాపు పోయిందని వారిలో చాలామందికి తెలియదు.

ఆ నాటకం ఆయనే రాశారు. రెడ్డి రాజుల కాలం కథ. గుడ్డి వైణికుడు మందు కోసం ఊరూరా తిరిగి, చివరికి రాజవైద్యుడి వల్ల చూపు పొందుతాడు. కళ్ళకు కట్టు విప్పగానే పద్యం పాడుతూ, ఎవరి ఆసరా లేకుండా వెళ్ళి రాజు ముందు వీణ పెడతాడు. రాయడం మొదలుపెట్టినప్పుడు మాస్టారి కళ్ళు బాగానే ఉన్నాయి. పూర్తయ్యేసరికి కంటి నరం ఎండిపోతోందని తేలింది. ఇక్కడ చూపించుకున్నారు, సెలవు పెట్టి రాజమండ్రి వెళ్ళి చూపించుకున్నారు. పోయింది తిరిగి రాదన్నారు. మెస్‌లో తరిగే పని మరొకరికి అప్పగించి, తాలింపు వాసన పట్టుకుని వంట నడిపించారు.

చివరి నడక తీసేద్దామని సమాజంలో కొందరన్నారు. పడిపోతారని వారి భయం.

"వాడికి మందు దొరికిందండి, నాకు దొరకలేదు. అలాగని వాడి చూపు నేనెందుకు లాక్కోవాలి?" అన్నారాయన.

దారి కూడా ఆయనే చెప్పారు. మామూలుగా వేదిక అంచున ఉండే హార్మోనియాన్ని సింహాసనం పక్కకు మార్పించారు. శ్రుతి వినిపించే వైపు నడవాలి, అంతే. మా పేపరుకు వార్త రాద్దామని నేను ఎడారి అంచున ఉన్న కబ్ద్ వెళ్ళినప్పుడు ఒక తోటలోని రేకుల షెడ్డులో రిహార్సల్ జరుగుతోంది. అక్కడ గొర్రెలు కాసే కడప మనిషే రాజవైద్యుడు.

"యల్లా మాస్టారూ, ఇట్లా రాండి! ఆ పక్క గొర్రెలుండాయి."

"ఉండనివ్వండి. మీ రాజుగారికంటే అవే శ్రద్ధగా వింటున్నాయి."

వెళ్ళేటప్పుడు మాస్టారు నన్ను ఆపారు. "మీ పేపర్లో నా కళ్ళ సంగతి రాయకండి. జాలిపడి చప్పట్లు కొడతారు. నాకవి వద్దండి. నేను పోయాక రాసుకోండి, అప్పుడు ఎవరు కొట్టినా నాకు వినపడదు." నేను రాయలేదు.

అబూ హలీఫాలో ప్రదర్శన రోజు కట్టు విప్పారు. ఆయన పద్యం ఎత్తుకుని, తడబడకుండా వెళ్ళి వీణ పెట్టారు. హాలు లేచి "వన్స్ మోర్" అంది. పద్యనాటకంలో జనం అడిగితే కథ ఆపి మళ్ళీ పాడాల్సిందే.

"ఏంది సామీ, ఇప్పుడే గదా కండ్లు తెప్పిచ్చింది!" అన్నాడు వైద్యుడు. జనం గొల్లుమన్నారు. వైద్యుడు ఆయన్ను చేయి పట్టి వెనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ కట్టు కట్టి విప్పాడు.

ఈసారి సగం దారిలో ఉండగా హార్మోనియం వాయించే అతను ఉత్సాహం పట్టలేక రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. శ్రుతి ఆగిపోయింది. మాస్టారు వేదిక అంచు వైపు తిరిగారు. నాటకం మొత్తంలో ఒక్క పద్యం కూడా లేని ఆ వైద్యుడు సింహాసనం దగ్గరికి ఉరికి, గొంతెత్తి "ఆ..." అని శ్రుతి అందుకున్నాడు. మాస్టారు ఆ గొంతు వైపు తిరిగారు. పద్యం ఆగలేదు. వీణ రాజు ముందుకు చేరింది.

తెర పడ్డాక వైద్యుడు చెమట తుడుచుకుంటూ, "నా గొంతు ఎట్లుండె మాస్టారూ?" అని అడిగాడు.

"శ్రుతికి చాలా కింద ఉందండి. అయినా వచ్చేశాను కదా."

గురువారం విమానంలో మాస్టారి భౌతికకాయం ఊరికి వెళుతుంది. శుక్రవారం సాయంత్రం అబూ హలీఫాలో అదే నాటకం మళ్ళీ ఉంది. వైణికుడి పాత్ర వేసే కొత్త నటుడికి రెండు కళ్ళూ కనిపిస్తాయి. హార్మోనియం సింహాసనం పక్కనే ఉంటుంది.