రెండు పొట్లాల చిక్కుడు

నా చిన్నప్పుడు కొండల అవతలి కబురు ఏదైనా సంతకే రావాలి. ఫోన్లు లేవు, ఉత్తరం రాసేవాళ్లు లేరు, రాసినా చదివిపెట్టే దిక్కు లేదు. డుంబ్రిగుడ సంతకి పసుపు, అల్లం బుట్టల్లో మోసుకుని దిగివచ్చే మనుషులే మాకు వార్తలు. ఎవరి ఆవు ఈనింది, ఎవరి పిల్ల ఎవరితో వెళ్లిపోయింది, ఎవరెవరు కొట్టుకున్నారు, అన్నీ ఆ బుట్టలతోనే దిగేవి. మా నాయనమ్మ ఉప్పు కొనాలని చెప్పి సంతకి బయలుదేరేది. ఇంట్లో ఉప్పు నిండుగా ఉన్నప్పుడు కూడా ఉప్పు కోసమే బయలుదేరేది.

ఆవిడ పుట్టిల్లు ఒడిశా వైపు, కొండలు ఎక్కి దిగి వెళ్లాలి. మోకాళ్లు పట్టేశాక ఇక వెళ్లలేకపోయింది. అక్కడ ఆవిడకి ఇద్దరు తమ్ముళ్లు. నాకు పెద్దతాత, చిన్నతాత. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, వాకిలి ఒకటే. పెద్దతాత పెరట్లో వేసిన చిక్కుడు పాదు ఏటా చిన్నతాత ఇంటి కప్పు మీదికి పాకి అక్కడే కాసేది. వేరు ఒకరిది, కాయ ఒకరి నెత్తిమీద. అయినా ఎన్నడూ ఎవరూ మాట అనుకోలేదు.

మా కొండల్లో ఏ కొత్త పంటైనా ‘కొత్త’ పండగ చేసి, ఇంటి పెద్ద దేవతకి పెట్టాకే నోట్లో పెట్టుకోవాలి. మామిడికి కొత్త, కొర్రకి కొత్త, చిక్కుడుకి కొత్త. అప్పటిదాకా కాయ కళ్లముందే వేలాడుతున్నా పిల్లలం గుటకలు మింగాల్సిందే. పండగయ్యాక ఇంటి ఆడపడుచుకి ఆమె వాటా అడ్డాకుల్లో కట్టి, ఎంత దూరానున్నా పంపుతారు. ఆ పొట్లం వస్తే పుట్టింట్లో ఆమె పేరు ఇంకా బతికే ఉన్నట్టు. మా నాయనమ్మకి ప్రతి ఏడూ చిక్కుడు కొత్తకి ఒక పొట్లం వచ్చేది.

ఆ ఏడు రెండు వచ్చాయి.

తెచ్చింది ఆ ఊరి పసుపు కొమ్ముల ఆయన, నాయనమ్మని ‘అప్పా’ అని అక్క వరసలో పిలిచే మనిషి. బుట్ట దించుతూనే మొదలుపెట్టాడు. కొత్త పెట్టకముందే చిన్నతాత ఇంట్లో చిక్కుడుకాయలు వండుకు తిన్నారట. అది చూసి పెద్దతాత ఊరంతా వినేలా అరిచి, నీ కొత్త నువ్వే పెట్టుకో, నా కొత్త నేను పెట్టుకుంటానన్నాడట. అందుకే రెండు ఇళ్లు, రెండు కొత్తలు, రెండు పొట్లాలు.

“పెద్దోడు ఒక మాట సెప్పమన్నాడప్పా,” అన్నాడు ఆయన, నా వంక ఒకసారి చూసి గొంతు తగ్గించి. “తనది తింటే సిన్నోడిది తిప్పి పంపమన్నాడు. రెండూ తింటే మాత్రం ఇంక నా గడప తొక్కొద్దన్నాడు.”

మా నాయనమ్మ ముఖం మాడిపోయింది. ఒకటి తీసుకుంటే ఒక తమ్ముడు పోతాడు, రెండూ తీసుకుంటే అమ్మానాన్నలు బతికిన ఇల్లే పోతుంది. నాకు మాత్రం, సిగ్గు లేకుండా చెప్తున్నాను, భలే సరదాగా ఉంది. తప్పెవరిదో తేల్చేయాలని కాళ్లు ఆగలేదు. అదే ఊరినుంచి వచ్చిన అల్లం ఆవిడ రెండు దుకాణాల అవతల కూర్చుంటే ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కథ వేరు. చిన్నతాత కొడుకు జ్వరంతో అంబలి కూడా ముట్టక చిక్కుడుకాయ కోసం ఏడిస్తే, తల్లి గుప్పెడు ఉడకబెట్టి పెట్టిందట. పెద్దోడిది మరీ చోద్యం, పిల్లడి నోటికాడ కూడా కొత్తా పాతా అంటాడా అని మూతి తిప్పింది. ఆ జ్వరం మొన్న మళ్లీ తిరగబెట్టింది పాపం, ఆస్పత్రికి తెచ్చారు, ఇప్పుడు నయమేలే అని కూడా అంది.

నేను గసపోసుకుంటూ వచ్చి ఆ కథంతా అప్పజెప్పి, “అయితే తప్పు పెద్దతాతదే కదా నాయనమ్మా?” అన్నాను.

“నువ్వు తగువులు తీర్సే పెద్దమనిసివి ఎప్పుడయ్యావే గుంటా? కూకో ఇక్కడ,” అంది.

నేను కూర్చున్నాను. ఆవిడ పసుపాయన వైపు తిరిగి తగువు గురించి ఒక్క ముక్క అడగలేదు. ఈసారి పసుపు ఎలా వచ్చింది, ఆవు చూడిదేనా, ఇంటికప్పు కొత్త గడ్డితో నేశారా అంటూ ఊరంతా తిరిగొచ్చింది. నాకు విసుగొచ్చి చచ్చాను. చివరికి ఉప్పు మూట ముడివేసుకుంటూ, అదేదో గుర్తొచ్చినట్టు అడిగింది.

“గుంటడికి జొరం తిరగబెట్టిందంట కదా, ఆస్పత్రికి ఎవులు మోసుకొచ్చారు?”

“ఎవులేటప్పా, ఇద్దరూనే. డోలీకి ముందు పెద్దోడు, ఎనక సిన్నోడు.”

మా ఊళ్లకి దారుల్లేని రోజులు. రోగిని దుప్పట్లో పడుకోబెట్టి, దుప్పటిని కర్రకి కట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని కొండ దింపాలి. ఇద్దరి అడుగూ కలవకపోతే లోపలి మనిషి రాయికి కొట్టుకుంటాడు.

“మాటాడుకున్నారేటి?”

“ఎక్కడ? దిగినంతసేపూ ఒక్క పలుకు లేదు. వాగుకాడ పెద్దోడి కాలు జారితే, సిన్నోడు ‘సూసుకో’ అన్నాడు. అంతే.”

“ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఈ మాట ముందే సెప్పవేట్రా?”

“ఇందులో సెప్పడానికేటుందప్పా?” అన్నాడు ఆయన, నిజంగానే అర్థంకాక.

మా నాయనమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత సంత మధ్యలో కాళ్లు బారజాపుకుని కూర్చుని, రెండు పొట్లాలూ విప్పి ఒళ్లోకి కుమ్మరించింది. పసుపాయన అయ్యో అయ్యో అంటూనే ఉన్నాడు. ఒకే పాదు కాయలు. ఒకే రంగు, ఒకే గింజ. అటూ ఇటూ కలిపేశాక ఏది ఎవరిదో దేవతకి కూడా తెలియదు. తన వాటా ఒళ్లోనే ఉంచుకుని మిగిలినవి మళ్లీ రెండు పొట్లాలు కట్టి ఆయన బుట్టలో పెట్టింది.

“ఇద్దరికీ సెరొకటి ఇయ్యి. మీ అప్ప కలిపేసిందని సెప్పు. సిన్నోడి కాయలు తిప్పి పంపమన్నాడు కదా పెద్దోడు, ఏయి ఆడియో ఏరి సూపించమను, పంపుతాను.”

ఆ రాత్రి మా ఇంట్లో చిక్కుడుకాయ కూరే. ఆవిడ తిన్నది గానీ నిద్రపోయినట్టు లేదు. సంత తర్వాత సంత గడిచింది, పెద్దతాత దగ్గర్నుంచి మంచీ చెడూ ఏ మాటా రాలేదు. ప్రతిసారీ ఉప్పు కొనితెచ్చేది. ఇల్లంతా ఉప్పే అయ్యిందని మా అమ్మ గొణిగేది.

మరుసటి ఏడు చిక్కుడు కొత్తకి ఒకే పొట్లం వచ్చింది. పట్టుకోవడానికి నా రెండు చేతులూ చాలనంత పెద్దది. మా నాయనమ్మ దాన్ని వెంటనే విప్పలేదు. చాలాసేపు ఒళ్లో పెట్టుకుని నిమిరింది. ఎలా కలిశారు, ముందెవరు పలకరించారు అని నేను ప్రాణం తీశాను.

“ఏమోనే. తగువైతే నలుగురూ పరిగెత్తుకొచ్చి సెప్తారు. కలిసిన సంగతి ఎవులూ సెప్పరు. మనమే అడిగి తెలుసుకోవాల,” అంది. అసలు తప్పెవరిదో నాకు ఈనాటికీ తెలియదు. అప్పుడప్పుడు ఇంకా దురదగానే ఉంటుంది.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నా మోకాళ్లూ మా నాయనమ్మ మోకాళ్లలాగే అయ్యాయి. సంత మాత్రం నా దిండు కిందికే వచ్చేసింది. పొద్దున లేచేసరికి కుటుంబం గ్రూపులో వాయిస్ మెసేజీలు బుట్టలు బుట్టలుగా దిగి ఉంటాయి. ఈ శీతాకాలం మా అన్నయ్య కొడుకులిద్దరికీ కాఫీ గింజలు ఎండబెట్టే కళ్లం దగ్గర గొడవైంది. ముందు నేను ఆరబెట్టాలంటే నేనని. ఇద్దరూ గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఇద్దరూ విడివిడిగా నాకు ఫోన్ చేసి, అత్తా నువ్వే చెప్పు తప్పెవరిదో అన్నారు.

మొన్న పెద్దవాడు మళ్లీ చేశాడు. తమ్ముణ్ణి తిట్టినంతసేపు తిట్టనిచ్చాను. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాను.

“నిన్న అక్కడ వాన పడిందంట కదరా. నువ్వేమో పాడేరులో ఉన్నావు. నీ గింజలు ఎవులు ఎత్తారు?”

 

“ఆడే ఎత్తాడత్తా,” అన్నాడు, నెమ్మదిగా. “ముందు నాయి ఎత్తి, తర్వాత ఆడియి ఎత్తుకున్నాడంట. ఆడియి కొంచెం తడిసిపోయాయి.”

“మరి ఈ మాట ముందే సెప్పవేట్రా?”

“ఇందులో సెప్పడానికేటుందత్తా?” అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కొంగు కోసం చెయ్యి దానంతటదే వెళ్లింది.